ఎక్కడ దిగుతావ్?

శామీర్‌పేట చెరువు మీదికి వచ్చేసరికి హెల్మెట్‌లో ఇన్‌స్ట్రక్టర్ గొంతు వినిపిస్తుంది. "ఇంజన్ ఆగింది. ఎక్కడ దిగుతావ్?"

మీరు జవాబు వెతుక్కునేలోపే ఆయన ఇంజన్ శక్తిని నిజంగానే తగ్గించేస్తారు.

ముందు చెవికి తెలుస్తుంది. ఇంతసేపూ నెత్తిమీద మోగుతున్న టర్బైన్ ఈల సన్నబడుతుంది. తర్వాత నడుముకి తెలుస్తుంది. చేతక్ హెలికాప్టర్ ముక్కు విసురుగా కుడికి తిరిగిపోతుంది. కంటికి తెలిసేసరికే మీ ఎడమ చెయ్యి పని మొదలుపెట్టి ఉండాలి. సీటు పక్కనున్న మీట, కలెక్టివ్, పూర్తిగా కిందికి. ఎడమ పెడల్ మీద కాలు. కుడిచేతిలోని స్టిక్‌తో వేగం పడిపోకుండా పట్టుకోవాలి. ఇందుకు మీకున్న వ్యవధి ఒకటి రెండు సెకన్లు. రెక్కల వాలు తగ్గించకపోతే అవి గాలిని కోసుకుంటూ ఉన్న వేగమంతా పోగొట్టుకుంటాయి. ఒక హద్దు దాటి నెమ్మదించిన రోటర్‌ను మళ్లీ తిప్పుకునే దారి ఆకాశంలో లేదు.

మీట దించారు. కడుపులో పేగులు గొంతులోకి వచ్చినట్టయింది. హెలికాప్టర్ పడిపోతోంది, కానీ రాయిలా కాదు. కింది నుంచి పైకి తోసుకొస్తున్న గాలి రెక్కల్ని తిప్పుతోంది. జాతరలో కొన్న కాగితపు గాలిపంక పట్టుకుని పిల్లాడు పరిగెత్తితే అది తిరిగినట్టే ఇదీ. ఇంజన్‌తో పని లేదు, పడిపోవడమే దీనికి ఇంధనం. ఆటోరొటేషన్ అంటారు. వెయ్యి అడుగుల నుంచి నేలకి నిమిషం కూడా పట్టదు.

"ఎక్కడ?" మళ్లీ అదే గొంతు.

కింద చూడండి. ఎడమవైపు చెరువు, వానాకాలం కదా, నిండుగా ఉంది. కట్ట దిగువన వరి మళ్లు. పైనుంచి పచ్చటి తివాచీలా ఉన్నా లోపల మోకాలి లోతు బురద. చేతక్‌కి మూడు చక్రాలు, ఒక్క చక్రం దిగబడితే చాలు, బండి పక్కకి ఒరిగి రెక్కలు నేలని కొడతాయి. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సులు, కంకర లారీలు. అవతల మేడ్చల్ వైపు వంపు తిరిగిన ఔటర్ రింగ్ రోడ్డు. దాని వెంట ఎక్కడికక్కడ హైటెన్షన్ టవర్లు. ఉత్తరాన తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ అద్దాల భవనాలు. మిగిలిన చోటల్లా నల్లరాతి గుండ్లు, కోళ్ల ఫారాలు, ప్రహరీ గోడలు, కాంపౌండ్లు.

"ఆ మక్కచేను పక్కన బీడు సార్."

"గాలి ఎటు?"

నైరుతి గాలి. గాలికి ఎదురుగా దిగాలి. మీరు ఎంచుకున్న బీడు అడ్డంగా ఉంది. ముక్కు తిప్పుతారు. ఈ లోగా మూడు వందల అడుగులు పోయాయి. వంద అడుగుల దగ్గర ముక్కు పైకెత్తుతారు. ముందుకు పోయే వేగం చస్తుంది, రోటర్ వేగం పుంజుకుంటుంది. ఆ కూడబెట్టుకున్న వేగాన్ని ఆఖరి పదడుగుల్లో కలెక్టివ్ పైకి లాగి ఒకేసారి ఖర్చుపెట్టాలి. రెండో అవకాశం ఉండదు. ఇవాళ ఆయన అంతవరకూ పోనివ్వలేదు. ముందే శక్తి తిరిగి ఇచ్చేశారు. ఈల మళ్లీ మోగింది, ముక్కు ఎడమకి లాగింది, మీరు కుడి పెడల్ తొక్కి సర్దుకున్నారు. బీడు మీదుగా పైకి లేస్తుంటే అప్పుడు కనిపించింది, చేను గట్టు వెంబడి బోరు మోటారుకి లాగిన కరెంటు తీగ.

"చూశావా?"

"చూళ్లేదు సార్."

"తీగ ఎవరికీ కనపడదు. స్తంభం కనపడుతుంది. స్తంభాన్ని చూసి తీగ ఉందనుకోవాలి."

ఈ మాట విని ఊరుకుంటే సరిపోదు. 2025 మే 8న ఉత్తరాఖండ్‌లో గంగనాని దగ్గర యాత్రికులతో వెళ్తున్న బెల్ 407 రోడ్డు మీద దిగబోయింది. రోటర్ రోడ్డు వెంట లాగిన కేబుల్‌కి తగిలినట్టు ప్రమాద దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదికలో రాసింది. ఆరుగురు పోయారు. వాళ్లలో మన అనంతపురం జిల్లా మనిషీ ఉన్నారు. దిగాలనుకోవడం మంచి నిర్ణయమే అయినా దిగే చోట ఏముందో చూసే తీరిక దొరక్కపోతే ఇలాగే అవుతుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. మిమ్మల్ని ఈ సీట్లో కూర్చోబెట్టింది నేను, పక్కనున్న ఆయనకి పేరు పెట్టకుండా వదిలేసిందీ నేనే. ఈ సార్టీ, అంటే ఈ శిక్షణ ప్రయాణం, నా ఊహ. కింద కనిపించే నేల మాత్రం ఊహ కాదు, మీట కిందికి దించడమూ ఊహ కాదు. హకీంపేట వైమానిక స్థావరంలోని హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్‌లో కుర్రాళ్లు, అమ్మాయిలు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఇదొకటి. దుండిగల్ అకాడమీలో రెక్కల విమానం మీద తొలి మెట్టు ఎక్కాక హెలికాప్టర్‌కి ఎంపికైనవాళ్లు ఇక్కడికి వస్తారు. బొల్లారం, అల్వాల్, తూంకుంట జనానికి ఆ చప్పుడు గోడ గడియారం టిక్కుటిక్కులాంటిది, ఆగితేనే గుర్తొస్తుంది.

వాళ్లు నేర్చుకునే యంత్రం వాళ్ల తాతల కాలం నాటిది. ఫ్రాన్స్‌లో అలూయెట్-3 పేరుతో 1959లో మొదటిసారి ఎగిరింది. 1962లో మన వైమానిక దళంలో చేరింది, తర్వాత బెంగళూరులో హెచ్ఏఎల్ తయారుచేసింది. చేతక్ అరవై ఏళ్ల పండగ 2022 ఏప్రిల్ 2న ఈ హకీంపేటలోనే చేశారు, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చారు. 2019 మే నెలలో ఎంఐ-17ను నడిపిన తొలి మహిళా బృందంలోని ఇద్దరు పైలట్లు, పారుల్ భరద్వాజ్, అమన్ నిధి, హెలికాప్టర్ ఓనమాలు దిద్దింది ఇక్కడే. పాత బండి అని తీసిపారేసేవాళ్లున్నారు. కానీ పాత బండి తప్పుల్ని దాచదు. కంప్యూటర్ మీ తరఫున సర్దిపెట్టదు. మీ కాలు ఆలస్యమైతే ముక్కు తిరుగుతుంది, అంతే.

తూర్పున దూరంగా కీసర గుట్ట కనిపిస్తోందా? ఆ మండలంలోనే అంకిరెడ్డిపల్లి దగ్గర 2017 సెప్టెంబర్ 28న ఇదే హకీంపేట నుంచి లేచిన కిరణ్ శిక్షణ విమానం కూలింది. ట్రైనీ పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరి, పారాచూట్‌తో దిగి బతికాడు. ఆ అదృష్టం మీకు లేదు. మీ నెత్తిమీద మూడు రెక్కలు తిరుగుతున్నాయి, ఎగిరే సీటు పెడితే వాటిలోకే వెళ్తారు. హెలికాప్టర్‌లో పారాచూట్ అంటే ఆ రోటరే. అందుకే ఇక్కడ ఇంజన్ ఆగడాన్ని అలవాటుగా మార్చేస్తారు. పొద్దున్నా సాయంత్రమూ, ఎండలో, గాలిలో, చెప్పి ఒకసారి, చెప్పకుండా పదిసార్లు. ఏప్రిల్, మే నెలల్లో మరీ కష్టం. ఈ నేలే సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తు. నలభై డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది, పలచబడిన గాలి రెక్కల కింద కావలసినంత నిలవదు. జవహర్‌నగర్ చెత్త గుట్టల మీద తిరిగే గద్దల గొడవ వేరే.

ఇప్పుడు పడమర చూడండి.

మేడ్చల్ మీద ఆకాశం రంగు మారింది. బయల్దేరినప్పుడు అక్కడ తెల్లటి దూదిమబ్బులే ఉన్నాయి. ఇప్పుడు వాటి అడుగు నల్లబడి కిందికి జారింది. రైలు పట్టాలు, కండ్లకోయ వైపు భవనాలు, వాటి వెనక జాతీయ రహదారి ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. వాన తెర ఇటే వస్తోంది. హకీంపేట రన్‌వే ఇంకా కనిపిస్తోంది, కానీ దాని అవతలి కొస కనిపించడం లేదు.

"ఏం చేద్దాం?"

దూరం లెక్కేస్తారు. పది కిలోమీటర్లు ఉండదు. మూడు నాలుగు నిమిషాల పని. బేస్‌లో వేడి టీ, పొడి బట్టలు, అన్నిటికంటే ముఖ్యంగా తోటివాళ్లంతా అప్పటికే దిగిపోయి ఉంటారు. "కొంచెం దించి, రోడ్డు వెంట వెళ్లిపోవచ్చు సార్."

ఆయన అవునని అనరు, కాదని అనరు. "పొద్దున క్లాసులో ఏ తేదీ గురించి మాట్లాడుకున్నాం?"

2009 సెప్టెంబర్ 2.

రండి, సీటు మారండి. ఇది చేతక్ కాదు. రెండు ఇంజన్ల బెల్ 430, రాష్ట్ర ప్రభుత్వానిది. లోపల వాతావరణ రాడార్ ఉంది, మెత్తటి సీట్లున్నాయి. ఉదయం 8:38కి బేగంపేట నుంచి లేచింది. వెనక ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ. ముందు ఇద్దరు పైలట్లు, ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి. వెళ్లాల్సింది చిత్తూరు జిల్లా అనుపల్లి. అక్కడ రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టాలి, జనం ఎదురుచూస్తున్నారు. ముందున్న ఇద్దరూ కుర్రాళ్లు కాదు, ఆకాశంలో తలపండినవాళ్లు.

కృష్ణ దాటారు. నల్లమల మీద సెప్టెంబర్ మబ్బులు. అప్పుడు ప్యానెల్ మీద ఒక హెచ్చరిక దీపం వెలిగింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్. ఇంజన్ శక్తిని రోటర్‌కి అందించే గేర్‌బాక్స్ అది, కాబట్టి ఆ దీపాన్ని చూసీచూడనట్టు వదిలే పైలట్ ఎవరూ ఉండరు. పుస్తకం తీశారు. ఆ దీపానికి సంబంధించిన పేజీ కోసం వెతికారు. పౌర విమానయాన శాఖ డీజీసీఏ వేసిన ఆర్.కె. త్యాగి కమిటీ కాక్‌పిట్ మాటల రికార్డు విని తేల్చింది ఇదే. దాదాపు ఆరు నిమిషాలు ఇద్దరి మనసూ ఆ దీపం మీదే ఉండిపోయింది.

ఆరు నిమిషాలు ఆ సీట్లో కూర్చుని చూడండి. ఒకరి కళ్లు పుస్తకంలో, ఇంకొకరి చెవులు ఆ పుస్తకం చదివే గొంతు మీద. అద్దం బయట తెలుపు బూడిదగా, బూడిద నలుపుగా మారుతోంది. హెలికాప్టర్ మాత్రం నడుస్తూనే ఉంది. దీపం గురించి ఆలోచించేటప్పుడు అది ఆగి నిలబడదు కదా. నిమిషానికి నాలుగు కిలోమీటర్ల చొప్పున తుపాను మబ్బు కడుపులోకి పోతోంది. ఎవరో ఒకరు తలెత్తి చూడాలి. ఎవరు? సాధారణంగా ఈ ప్రశ్నకి జవాబు ముందే అనుకుని ఉండాలి. ఒకరు నడుపుతారు, ఇంకొకరు పుస్తకం చూస్తారు, నడిపేవాళ్లు పుస్తకం జోలికి పోరు. చెప్పుకోవడానికి ఇంత చిన్న ఏర్పాటు.

9:27 గడిచాక బలమైన కింది గాలి ఆ యంత్రాన్ని పట్టుకుంది. అదుపు తప్పి పావురాల గుట్ట మీద పడింది. ఆ రోజంతా, ఆ రాత్రంతా వెతికారు. పోలీసులు, సీఆర్పీఎఫ్, చెంచులు, ఇస్రో చిత్రాలు, సుఖోయ్ విమానం. మర్నాడు పొద్దున వైమానిక దళ హెలికాప్టర్ ఒకటి రుద్రకొండ దగ్గర శకలాల్ని చూసింది.

ఆ రోజు గురించి మన ఊళ్లలో ఇప్పటికీ ఎన్నో కథలు తిరుగుతున్నాయి. కుట్ర అనేవాళ్లు అంటూనే ఉన్నారు. నాకు మాత్రం కుట్ర కంటే ఆ దీపమే భయం వేస్తుంది. అలాంటి దీపాలు మన అందరి ముందూ రోజూ వెలుగుతాయి. అయినా ఆ వాదన ఇక్కడ వద్దు.

నన్ను ఎక్కువగా తొలిచేది వేరే ప్రశ్న. కింద దిగడానికి చోటు ఉన్నంతసేపూ దిగుదాం అన్న మాట ఎందుకు రాలేదు? హెలికాప్టర్‌కి దేవుడిచ్చిన వరం ఒక్కటే, బడి మైదానంలోనైనా దిగగలదు. రెక్కల విమానానికి లేని ఆ సౌకర్యాన్ని వాడుకోకుండా పోయిన ప్రాణాలు ప్రపంచమంతటా ఉన్నాయి. 2020 జనవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, కూతురితో సహా తొమ్మిది మంది, కాలిఫోర్నియా కొండల మబ్బులో.  వెనక కూర్చున్నది ఎంత పెద్దమనిషి అయితే ముందు కూర్చున్నవాడి నోటికి దిగుదాం అన్న మాట అంత బరువవుతుంది. పైలట్‌ని తిట్టడం తేలిక. కలెక్టర్లు, ఎస్పీలు, మైకులు, దండలు ఎదురుచూస్తుండగా ముఖ్యమంత్రితో "అయ్యా, ఈ చేల్లో దిగి ఓ గంట ఆగుదాం" అనడం నేర్పే బడి ఎక్కడుంది?

నిజానికి ఉంది. ఈ సార్టీయే ఆ బడి.

"మబ్బులోకి వెళ్తే ఏమవుతుంది?" ఆయన ఇంకా అడుగుతున్నారు. వాన తెర ఔటర్ దాటింది.

ఏమవుతుందో మీ చెవికి తెలుసు, అంటే తెలియదు. లోపలి చెవిలో మూడు సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం. తల తిరిగితే ఆ ద్రవం కదిలి మెదడుకి కబురు పంపుతుంది. మెల్లగా తిరిగితే కబురు వెళ్లదు. తిరుగుడు కాసేపు సాగితే ద్రవం కూడా వేగం అందుకుని నిశ్చలమైపోతుంది, అప్పుడు తిరుగుతున్నా తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆపితే మాత్రం రెండోవైపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. కళ్లు మూసి గిరగిరా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, ఆగినట్టు అనిపించినప్పుడు వేలు చూపించమంటే, కుర్చీ తిరుగుతుండగానే ఆగిందని చూపించారు మీరు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. తర్వాత వాళ్లూ కూర్చున్నారు, వాళ్లూ అలాగే చూపించారు.

1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పరికరాలు చూసి ఎగరడం రాని 20 మందిని మబ్బులో ఉన్నట్టు బయట కనపడకుండా చేసి విమానం నడపమన్నారు. 20 మందీ అదుపు కోల్పోయారు. ఒకరికి 20 సెకన్లు పట్టింది, ఇంకొకరికి 480. సగటు 178 సెకన్లు. మూడు నిమిషాలకి రెండు సెకన్లు తక్కువ. మీ లెక్కలో హకీంపేటకి ఎంత దూరం అన్నారు? మూడు నాలుగు నిమిషాలు.

2021 డిసెంబర్ 8న తమిళనాడులోని కూనూర్ దగ్గర పడిన ఎంఐ-17వి5 యాంత్రిక లోపంతో పడలేదు. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లిందని, పైలట్‌కి దిక్కు తెలియని స్థితి వచ్చి, నడుస్తున్న యంత్రమే కొండకి తగిలిందని త్రివిధ దళాల దర్యాప్తు చెప్పింది. రక్షణ దళాల అప్పటి అధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు పోయిన వాళ్లలో అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడ లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నాడు. మబ్బుకి పైలట్ అనుభవంతో నిమిత్తం లేదు.

అద్దం మీద మొదటి చినుకులు పడ్డాయి. ముందున్న చెట్ల వరస ఇంకా స్పష్టంగా ఉంది, దాని వెనకది మసక.

"దిగుదాం సార్."

"ఎక్కడ?"

ఈసారి మీకు తెలుసు. ఎడమవైపు మట్టి రోడ్లు గళ్లుగళ్లుగా గీసిన వెంచర్ ఒకటి. హద్దురాళ్లు పాతారు, ముఖద్వారానికి ఆర్చి కట్టారు, ఇళ్లు మాత్రం ఒక్కటీ లేదు. గట్టి మొరం నేల. ఆర్చి దగ్గరి స్తంభాలు ఆ మూల వరకే ఉన్నాయి. పడమటి గాలికి ఎదురుగా నలభై అడుగుల రోడ్డు ఒకటి తిన్నగా వస్తోంది. ఒక చుట్టు తిరిగి చూస్తారు. తీగలు, రాళ్లు, పశువులు, ఎగిరిపోయే రేకులు. "రేడియోలో చెప్పు," అంటారాయన. చెబుతారు, ఎక్కడున్నారో, ఎందుకు దిగుతున్నారో, ఇద్దరూ క్షేమమని. అటునుంచి ఒక్క ప్రశ్న కూడా రాదు, సరే అన్న మాట మాత్రం వస్తుంది. రోడ్డు వెంట వెళ్లిపోవచ్చు అన్న మీ మాట మీకే ఇప్పుడు వింతగా ఉంది.

కలెక్టివ్ కొద్దికొద్దిగా దించుతారు. నిట్టనిలువుగా వేగంగా దిగకూడదు, తన గాలి గుండంలో తానే చిక్కుకుంటుంది. వాలుగా, నెమ్మదిగా. ఎర్రమట్టి లేవబోయి వానకి అణిగిపోతుంది. వెనక చక్రాలు తగులుతాయి, తర్వాత ముందుది. ఇంజన్ ఆపాక కూడా రెక్కలు కాసేపు తిరుగుతాయి. ఇప్పుడే అసలు ప్రమాదం, ఎందుకంటే జనం పరిగెత్తుకొస్తారు, అదీ వెనక నుంచి, కనపడనంత వేగంగా తిరిగే తోక రోటర్ వైపు. అందుకే ఒకరు కంట్రోల్స్ వదలకూడదు. ఇన్‌స్ట్రక్టర్ వానలోకి దూకి చేతులు చాచి నిలబడ్డారు.

వచ్చింది ఒక్కడే, తలమీద యూరియా సంచి కప్పుకున్న వాచ్‌మన్. ఆయన సైగ చేసిన చోట ఆగాడు. రెక్కలు పూర్తిగా ఆగేదాకా కదల్లేదు. తర్వాత రెండు చక్రాల మధ్య విరిగిన హద్దురాయిని చూసి గొంతు పెంచాడు.

"ఏ సార్, ఎవర్ని అడిగి దింపిన్రు? ఇది పట్టా జాగ."

"వాన తగ్గగానే పోతాం అన్నా. ఓ అరగంట."

వాచ్‌మన్ ఫోన్ తీశాడు. సంచి కింద ముఖం పెట్టుకుని ఎవరికో చెబుతున్నాడు. "అవ్ సార్, హెలికాప్టరే. మన ఏ బ్లాక్ ల దిగింది... లే సార్, ప్లాట్ చూడనీకి రాలేదంట."